యుద్ధం కోసం చేసిన వాల్వు.. పాత రేడియోకు ఊపిరి

గుంటూరు: మీట తిప్పగానే పాడదు. లోపల గాజు బుడ్లు ఎర్రబారే వరకు అర నిమిషం ఓపిక పట్టాలి. ఆ తరువాతే సన్నని గురగుర, దాని వెనుక పాట. పల్నాడు మొదలు చీరాల తీరం దాకా పత్తి, మిరప పండించే ఊళ్లలో పాత మేడల అటకలపై ఇలాంటి వాల్వు రేడియోలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. పత్తికి మంచి ధర పలికిన ఏడాది తాత కొన్నదనో, నాయనమ్మ పుట్టింటి నుంచి వచ్చినదనో ప్రతిదాని వెనుక ఓ కథ ఉంటుంది. దానిని మళ్లీ పాడించాలని మనుమలు ముచ్చటపడితే మొట్టమొదట ఎదురయ్యే చిక్కు వాల్వులే.

బెంగళూరులో 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఫిలిప్స్ సహకారంతో 1961లో రేడియో వాల్వుల తయారీని చేపట్టింది. ఆ వాల్వులే ఒకప్పుడు దేశమంతటా సెట్లలో వెలిగాయి. ఇళ్లలో వాడే రకాల తయారీ ఏనాడో ఆగిపోయింది. ఇప్పుడు విరివిగా దొరుకుతున్నవాటిలో చాలావరకు అమెరికా, బ్రిటన్, సోవియట్ సైన్యాల కోసం తయారై, గోదాముల్లో వాడకుండా మిగిలిపోయిన సరుకు. 'మిలిటరీ వాల్వు' అన్న మాట వినగానే ఎంత ధరైనా పెట్టేవారున్నారు. ఆ మాటకు అసలు అర్థం తెలియకుండా కొంటే డబ్బుతో పాటు సెట్టూ పోయే ప్రమాదం ఉంది.

గాజు బుడ్డిలో సంగతి

వాల్వు అంటే గాలి తీసివేసిన గాజు బుడ్డి. నడుమ సన్నని హీటరు, దాని చుట్టూ కేథోడ్ గొట్టం, అన్నిటికీ వెలుపల ప్లేటు. కేథోడ్ వేడెక్కితే ఎలక్ట్రాన్లు బయటపడి ప్లేటు వైపు పరుగెత్తుతాయి. ఈ రెండింటి మధ్య గ్రిడ్ అనే సన్నని తీగ చుట్ట ఉంటుంది. కాలువకు తూము ఎలాంటిదో ఎలక్ట్రాన్లకు గ్రిడ్ అలాంటిది. గ్రిడ్‌పై వోల్టేజి ఇసుమంత మారినా ప్లేటుకు చేరే ప్రవాహం ఎంతో మారుతుంది. ఏరియల్‌కు అందిన బలహీనమైన తరంగం గది నిండా వినిపించే పాటగా మారేది ఇలాగే.

చిక్కంతా గ్రిడ్‌కు, కేథోడ్‌కు మధ్యనున్న సందులోనే. మంచి వాల్వులో అది వెంట్రుక మందాన ఉంటుంది. బుడ్డి అదిరితే గ్రిడ్ తీగలు వణుకుతాయి. సందు పెరిగి తరుగుతుంది. ప్రవాహమూ అందుకు తగ్గట్టే ఊగుతుంది. దాంతో స్పీకరులో టంగుమనే మోత వినిపిస్తుంది. పెన్సిలు వెనుక భాగంతో వాల్వును మెల్లగా తట్టి పాత మెకానిక్కులు పరీక్షించేది ఈ లోపాన్నే. అదురు మరీ ఎక్కువైతే తీగ తెగుతుంది, లేదా ఒకదానికొకటి తగిలి వాల్వు ప్రాణం పోతుంది.

ఈ ప్రాంతం వారికి ఈ అనుభవం కొత్తకాదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రసారాలు ప్రారంభించింది. అప్పటికి పల్లెలు చాలావరకు కరెంటు ఎరుగవు. పంచాయతీ రేడియోలు, మోతుబరుల ఇళ్లలోని సెట్లు బ్యాటరీ పెట్టెలపైనే నడిచేవి. పెళ్లిళ్లకు, బుర్రకథలకు, ఎన్నికల సభలకు వాల్వుల మైకు సెట్లు ఎడ్లబండ్లపై ఊరూరా తిరిగేవి. నల్లరేగడి నేలల్లో వాన వెలిసిన తరువాత గట్టిపడిన గాడీల మీద బండి ఎగిరెగిరి పడుతుంటే లోపలి వాల్వుల గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. సెట్టు వెంట గడ్డిలో పొదిగిన వాల్వుల పెట్టె మరొకటి వెళ్లడానికి కారణం ఇదే.

ఎడ్లబండి కుదుపుకే ఇలాగైతే యుద్ధ ట్యాంకులో, యుద్ధ విమానంలో, ఫిరంగి గుండులో?

గుండులో రేడియో

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఎదుర్కొన్న ప్రశ్న అదే. విమానానికి సూటిగా తగలకపోయినా, దగ్గరకు చేరగానే తనంతట తాను పేలే గుండు కావాలి. అందుకు గుండు ముక్కులో చిన్న రేడియో అమర్చాలి. ఆ రేడియోకు వాల్వులు తప్పవు. ఫిరంగి పేలిన క్షణంలో వాటిపై పడే ఒత్తిడి భూమ్యాకర్షణకు దాదాపు 20 వేల రెట్లు. ఆపై గుండు గిరగిరా తిరిగే వేగం నిమిషానికి వేల చుట్లు. చెవిటివారి శ్రవణ యంత్రాల కోసం అప్పటికే చేస్తున్న చిటికెన వేలంత వాల్వులను ఆధారంగా తీసుకుని ఇంజినీర్లు ఈ పని సాధించారు. 1943 జనవరిలో పసిఫిక్ సముద్రంలో 'హెలీనా' యుద్ధనౌక ఈ గుండుతో తొలిసారి శత్రు విమానాన్ని కూల్చింది.

ఆ గుండు వాల్వులు నేడు ఇంటి రేడియోలో పెట్టుకునేవి కావు. కానీ గాజు బుడ్డిని ఎంతటి అదురుకైనా తట్టుకునేలా చేయవచ్చని నిరూపించినవి అవే. యుద్ధానంతరం అమెరికా విమానయాన సంస్థలు కూడా తమ విమానాల రేడియోల్లో వాల్వులు పదేపదే పోతున్నాయని గుర్తించి, గట్టి రకాలు కావాలని తయారీదారులను కోరాయి. 5654, 5670, 5749, 5750, 5751, 5814, 6005 వంటి నాలుగంకెల వాల్వుల వరుస ఆ కాలపు పంటే. వీటిలో చాలావరకు సాధారణ రేడియో వాల్వులకే దృఢమైన అన్నదమ్ములు. 6బీఏ6కు 5749, 6బీఈ6కు 5750, 6ఏక్యూ5కు 6005 జోడీలు.

మరో బంధుత్వమూ ఉంది. అమెరికా సైనికులు చేతబట్టి మాట్లాడిన బీసీ-611 వైర్‌లెస్ సెట్టులో 1ఆర్5, 1టీ4, 1ఎస్5, 3ఎస్4 అనే వాల్వులు ఉండేవి. యూరప్ పేర్లతో డీకే91, డీఎఫ్91, డీఏఎఫ్91, డీఎల్92గా కరెంటులేని పల్లెల బ్యాటరీ రేడియోల్లో పాడినవీ ఇవే. యుద్ధరంగంలో కేకలు మోసిన కుటుంబమే రచ్చబండ దగ్గర సేద్యపు కబుర్లు వినిపించిందన్నమాట.

ఏమి మార్చారంటే..

వాల్వు లోపలి భాగాలను నిలువుగా పట్టి ఉంచేవి అభ్రకం పలకలు. పల్లెల్లో కాకిబంగారం అనే ఆ ఖనిజమే. వేడికి చెక్కుచెదరదు, విద్యుత్తును పోనివ్వదు. సాధారణ వాల్వులో పైన ఒకటి, కింద ఒకటి ఉంటే, గట్టి రకాల్లో మూడో పలక కనిపించడం కద్దు. పలక అంచులు గాజు గోడకు బిగువుగా ఆనుకుని లోపలి కట్టడం అటూఇటూ కదలకుండా చూస్తాయి. గ్రిడ్ తీగలను మోసే కడ్డీలు పొట్టిగా, లావుగా ఉంటాయి. అతుకుల వద్ద వెల్డింగు ఎక్కువ. హీటరు తీగ పదేపదే వెలిగి ఆరినా తెగిపోకుండా రూపొందిస్తారు. తయారైన వాల్వులను గంటల కొద్దీ వెలిగించి, అదిలించి, కొన్నిటిని గురుత్వానికి వందల రెట్ల దెబ్బకు గురిచేసి చూశాకే సైన్యానికి పంపేవారు.

ఆ అభ్రకానికీ మన నేలకూ సంబంధం లేకపోలేదు. ప్రకాశం సరిహద్దుకు ఆవల నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు గనుల నుంచి దశాబ్దాల పాటు అభ్రకం విదేశాలకు ఎగుమతి అయ్యేది. యుద్ధకాలంలో రేడియో, రాడార్ పరికరాలకు ఇది ఎంత అవసరమైందంటే, భారత అభ్రకం కొనుగోలుకు బ్రిటన్, అమెరికాలు సంయుక్తంగా ఓ ప్రత్యేక బృందాన్నే నియమించాయి. దొనకొండలో నేటికీ ఆనవాళ్లు మిగిలిన విమానాశ్రయం ఆ యుద్ధకాలం నాటిదే.

ట్రాన్సిస్టర్లు వచ్చాక ఇళ్లలో వాల్వులు మూలపడినా సైన్యాలు వాటిని వెంటనే వదల్లేదు. 1976 సెప్టెంబరులో సోవియట్ పైలట్ ఒకరు మిగ్-25 విమానంతో జపాన్‌లో దిగినప్పుడు, దానిని విప్పి చూసిన పాశ్చాత్య నిపుణులు వాల్వుల రాడార్ చూసి ఆశ్చర్యపోయారు. అణు విస్ఫోటనం వేళ పుట్టే విద్యుదయస్కాంత తాకిడికి ట్రాన్సిస్టర్ల కన్నా వాల్వులు ఎక్కువగా తట్టుకోగలవు. అదే రకం విమానాల నిఘా రూపాన్ని భారత వైమానిక దళం 1981 నుంచి 2006 వరకు నడిపింది. సైన్యాల గోదాముల్లో వాల్వులు గుట్టలుగా పేరుకోవడానికి ఈ దీర్ఘకాల వాడకమే మూలం. బాపట్ల సమీపంలోని సూర్యలంక వైమానిక కేంద్రంలో 2020లో ఎగిరిన ఆకాశ్ క్షిపణుల నాటికి కాలం పూర్తిగా మారింది. అయినా శూన్యనాళికల కుటుంబం అంతరించలేదు. వంటింటి మైక్రోవేవ్ పొయ్యిలో ఉండేది మాగ్నెట్రాన్ అనే వాల్వే. భారత్ ఎలక్ట్రానిక్స్ మచిలీపట్నం విభాగం తయారుచేసే రాత్రి దృశ్య సాధనాల్లో మసక వెలుతురును పెంచి చూపే నాళికా ఈ వంశానిదే. అది ఒకప్పటి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది.

గుర్తులు చదవడం తెలియాలి

కొనుగోలుదారులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. డబ్బాపై 'జాన్' అని ఉంటే అమెరికా సైన్య, నౌకాదళాల ఉమ్మడి ప్రమాణానికి లోబడి తయారైందని అర్థం. అంతమాత్రాన అది అదురును తట్టుకునే రకమని కాదు. అలాంటి వాటికి సాధారణంగా పేరు చివర 'డబ్ల్యూ' అక్షరం ఉంటుంది. 6ఎక్స్4 మామూలుది, 6ఎక్స్4డబ్ల్యూ గట్టిది.

బ్రిటిష్ సరుకుపై 'సీవీ' అక్షరాలు, అంకెలు ఉంటాయి. అది సైన్యపు జాబితా సంఖ్య మాత్రమే. సీవీ492 అంటే ఇళ్లలో వాడిన ఈసీసీ83 వాల్వే. దాని గట్టి రూపం సీవీ4004. రెండింటి పైనా సీవీ ఉంటుంది, రెండూ సైన్యానికి వెళ్లినవే. తేడా తెలియనివారికి మొదటిదాన్ని రెండోదాని ధరకు అంటగట్టడం తేలిక.

సోవియట్ వాల్వుల విషయంలో పేరు చివర చూడాలి. రష్యన్ 'ఈ' అక్షరం దీర్ఘకాల మన్నికకు, 'వీ' అక్షరం యాంత్రిక దృఢత్వానికి గుర్తులు. రెండూ ఉంటే 'ఈవీ'. మన సెట్లలో తరచూ కనిపించే ఈఎల్84 స్థానంలో 6పీ14పీ-ఈవీ చక్కగా ఇముడుతుంది. మూడక్షరాల 'ఓటీకే' ముద్రను సైనిక ముద్రగా చెప్పి అమ్మేవారి మాట నమ్మనక్కరలేదు. అది ఫ్యాక్టరీ నాణ్యతా విభాగం ముద్ర. సాధారణ సరుకుపైనా వేసేవారు.

ఏది ఎక్కడ ఇముడుతుంది

గట్టి వాల్వు అవసరం నిజంగా ఉండే చోటు రేడియోలో శబ్దాన్ని తొలుత పెంచే దశ. చెక్కపెట్టెలో స్పీకరు పక్కనే ఆ వాల్వు ఉంటుంది. శబ్దం పెంచితే పెట్టె అదిరి, వాల్వు అదిరి, ఆ అదురే మళ్లీ శబ్దమై ఊళలు మొదలవుతాయి. గ్రామఫోన్ ఆంప్లిఫయర్లలోనూ ఇదే తంతు. ఇలాంటి చోట మూడు పలకల 5751 లేదా సీవీ4004 వేస్తే ఊళ అణగుతుంది. సెట్టును సభలకు మోసుకెళ్లేవారికి, జీపులోనో కారులోనో పాత రేడియో నడిపేవారికి మిగతా దశల్లోనూ మేలు కనిపిస్తుంది. బల్లపై కదలకుండా ఉండే రేడియోలో చివరి దశ వాల్వుకు ఈ ఖర్చు వృథా.

జోడీ అన్నంత మాత్రాన అచ్చుగుద్దినట్లు ఒకటి కాదు. ఈసీసీ83 శబ్దాన్ని వంద రెట్లు పెంచగలిగితే 5751 దాదాపు 70 రెట్లు మాత్రమే పెంచుతుంది. హీటరు ప్రవాహమూ 300 మిల్లీ ఆంపియర్ల నుంచి 350కి పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న సెట్టుకు ఈ తేడా భారం కాదు. వాల్వుల హీటర్లన్నీ పండుగ దీపాల దండలా వరుసగా కలిపిన ఏసీ-డీసీ సెట్లలో మాత్రం ఒకే ప్రవాహం అన్నిటి గుండా పోవాలి. అక్కడ వేరే ప్రవాహం కోరే వాల్వు పెడితే ఒకటి మసకబారి, మరొకటి మితిమీరి వెలుగుతుంది.

సోవియట్ 6ఎన్2పీ వాల్వును ఈసీసీ83కు బదులుగా అమ్మడం మరో మాయ. గుణాలు దగ్గరగా ఉన్నా కాళ్ల అమరిక వేరు. ఈసీసీ83 హీటరు రెండు సగాలను జతచేసి 6.3 వోల్టులకు కలిపిన సాకెట్టులో దీనిని గుచ్చితే హీటరు వెలగనే వెలగదు. తెచ్చిన వాల్వు చచ్చిందనుకుని పారేస్తారు. 6ఎన్1పీని ఈసీసీ88కు జోడీ అంటారు. దాని హీటరుకు 600 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఈసీసీ88కు సరిపోయేది 365 మాత్రమే. చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఈ భారానికి వేడెక్కిపోతుంది.

పల్లె లైన్లలో వ్యవసాయ మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే వోల్టేజి పడిపోతుంది, అవి ఆగితే ఎగబాకుతుంది. 6.3 వోల్టుల హీటరు అటూఇటూ పది శాతం దాకా ఓర్చుకుంటుంది. ఫిరంగి దెబ్బను తట్టుకునే వాల్వు సైతం నిత్యం ఎక్కువ వోల్టేజిలో వెలిగితే త్వరగా నీరసిస్తుంది. చాలా సెట్ల వెనుక 200, 220, 250 అంటూ వోల్టేజి మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. దానిని ఊరి లైనుకు తగినట్లు పెట్టడం కొత్త వాల్వు కొనడం కన్నా ముందు చేయాల్సిన పని.

తొందరపడితే ముప్పే

ముప్పయ్యేళ్లు మూలనున్న రేడియోను తెచ్చి నేరుగా ప్లగ్గులో గుచ్చడం పెద్ద పొరపాటు. పాత కాగితపు కండెన్సర్లు ఈ ప్రాంతపు వేడికి, ఉక్కకు లీకవుతాయి. ముందు దశ నుంచి ఎక్కువ వోల్టేజి చివరి వాల్వు గ్రిడ్‌పైకి కారుతుంది. తూము తెరిచి వదిలేసినట్లు ప్రవాహం కట్టలు తెంచుకుని ప్లేటు ఎర్రగా కాలుతుంది. వాల్వుతో పాటు ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది. కండెన్సర్లు మార్చకుండా ఎంత గట్టి సైనిక వాల్వు వేసినా దాని ఆయువు నిమిషాల్లోనే. అది అదురుకు గట్టిది, కాలడానికి కాదు.

జిన్నింగ్ మిల్లుల సమీపంలో వాడిన సెట్ల అడుగున పత్తి నూగు పేరుకుని గాలి ఆడదు. చీరాల, బాపట్ల తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి సాకెట్ల రేకులు నలుపెక్కుతాయి. మెకానిక్కులు చచ్చిందని తీసేసిన వాల్వుల్లో కొన్ని సాకెట్టు శుభ్రం చేయగానే వెలగడం మామూలే. ముందు దుమ్ము, ఆపై సాకెట్లు, తరువాత కండెన్సర్లు, ఆఖరున వాల్వులు.. ఈ వరుస తప్పకూడదు.

ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నది ఏసీ-డీసీ సెట్లతో. వీటిలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. లోపలి ఇనుప చట్రం నేరుగా కరెంటు తీగకు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే ఆ చట్రంపై 230 వోల్టులు ఉన్నట్లే. మీట ఊడిపోయిన చోట మిగిలిన ఇనుప కడ్డీని తాకినా షాకు తప్పదు. సెట్టు ఆపిన తరువాతా కండెన్సర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. ఈ పని తెలిసినవారికి అప్పగించడమే క్షేమం.

ఇటీవలి కాలంలో మరో బెడద వచ్చిపడింది. పాత రేడియోల్లో, టీవీల్లో 'రెడ్ మెర్క్యురీ' ఉంటుందని, దానికి లక్షల ధర పలుకుతుందని దేశంలో పలుచోట్ల వదంతులు వ్యాపించాయి. ఆశపడి మంచి సెట్లను పగలగొట్టినవారు, బయానా ఇచ్చి మోసపోయినవారు ఉన్నారు. అలాంటి పదార్థం రేడియో వాల్వుల్లో లేదు. పెద్ద ట్రాన్స్‌మిటర్ల రెక్టిఫయర్లలో కొన్నిటిలో మామూలు పాదరసం ఉండేది తప్ప ఇంటి సెట్ల వాల్వుల్లో అదీ లేదు. బుడ్డి లోపల అద్దంలా మెరిసే మచ్చ బేరియం పూత. మిగిలిపోయిన గాలిని పీల్చడానికి తయారీలోనే వేస్తారు. మచ్చ వెండిలా మెరుస్తుంటే లోపల శూన్యం చెక్కుచెదరలేదని, సున్నంలా తెల్లబారితే గాలి చొరబడి వాల్వు పోయిందని గుర్తించాలి. సైనిక రకమైనా, ఇంటి రకమైనా డబ్బు చెల్లించే ముందు కంటితో చూసి తేల్చుకోగల పరీక్ష ఇది. తెల్లబారిన వాల్వును ఏ ముద్ర ఉన్నా కొనకూడదు.